మన ఫ్లాటు, వాళ్ళ లాడ్జి



ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళకు ఈమధ్య ఓ కొత్తరకం బేరం తగులుతోంది. హైదరాబాదులో కొండాపూర్, గచ్చిబౌలి, మాదాపూర్ వైపు ఫ్లాటు ఉన్నవాళ్ళకు మరీ ఎక్కువ. కాకినాడలో ఉంటున్న ఓ రిటైర్డ్ మాస్టారికి కొండాపూర్‌లో రెండు పడగ్గదుల ఫ్లాటు ఉందనుకోండి. అద్దె 28 వేలని ప్రకటన ఇచ్చారు. ఓ కుర్రాడు ఫోన్ చేశాడు. "అంకుల్, 28 కాదు, 33 ఇస్తాను. రంగులు నేనే వేయించుకుంటాను. ఏసీలు, మంచాలు, సోఫాలు అన్నీ నావే. ఒకటో తారీఖుకల్లా మీ ఖాతాలో డబ్బు పడిపోతుంది. ఒకటే మాట, ముందే చెప్పేస్తున్నా. ఆ ఇంట్లో నేను ఉండను. వచ్చేపోయేవాళ్ళకు రోజుల లెక్కన ఇచ్చుకుంటాను."

మాస్టారు ఏం చెప్పాలి?

కొందరు 'నా ఇంట్లో లాడ్జి పెడతావా' అని ఫోన్ పెట్టేస్తారు. కొందరు 5 వేలు ఎక్కువొస్తోంది కదా, లోపల ఎవరుంటే మనకేం అని సరేనంటారు. మూడోరకం వాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళను ఎవరూ అడగనే అడగరు. మామూలు సంసారి అనుకుని ఇల్లిస్తారు. ఆరు నెలలు పోయాక ఎదురు ఫ్లాటువాళ్ళు ఫోన్ చేసి "మీ ఇంట్లోకి రోజుకో కొత్త ముఖం వస్తోందండీ" అంటే అప్పుడు సంగతి బయటపడుతుంది. ఈ ముగ్గురినీ దృష్టిలో పెట్టుకునే ఈ నాలుగు మాటలు.

ముందుగా ఒకటి చెప్పాలి. ఈ వ్యాపారాన్ని నేను తప్పుడు వ్యాపారమని కొట్టిపారేయను. దాని వెనక నిజమైన అవసరం ఉంది. ఒంగోలు నుంచో, ఖమ్మం నుంచో, ఆదిలాబాదు నుంచో రోగిని హైదరాబాదులో పెద్దాసుపత్రికి తీసుకొస్తారు. ఆపరేషన్ అవుతుంది. నాలుగైదు రోజులకు డిశ్చార్జి చేసి, వారం తర్వాత కుట్లు విప్పించుకోవడానికి రమ్మంటారు. ఆ వారం ఎక్కడ ఉండాలి? ఊరికి వెళ్ళి మళ్ళీ రావాలంటే కుట్ల మీద బస్సు ప్రయాణం. హోటల్లో దిగితే గదిలో మంచముంటుంది, టీవీ ఉంటుంది, పొయ్యి ఉండదు. రోగికి గుక్కెడు జావ కాచి పోయాలన్నా, కారం లేకుండా ఇంత పప్పు వండి పెట్టాలన్నా కుదరదు. చుట్టాలింటికి వెళ్దామంటే వాళ్ళదీ రెండు గదుల ఇల్లే, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పొద్దున్నే ఉద్యోగాలకు పోయేవాళ్ళే. అలాంటివాళ్ళకు ఆసుపత్రికి దగ్గర్లో వంటగది, వాషింగ్ మెషీను, తోడొచ్చిన నలుగురూ చాపలు పరుచుకుని పడుకోవడానికి ఓ హాలు రోజుకు రెండువేల అయిదొందలకు దొరికితే అంతకన్నా ఏం కావాలి?

ఆసుపత్రులే కాదు. నానక్‌రామ్‌గూడలో కట్టిన కొత్త భవనంలోకి అమెరికా కాన్సులేటు 2023లో మారింది. వీసాకని రెండు రాష్ట్రాల నుంచీ పిల్లలు, వాళ్ళతో తల్లిదండ్రులు వస్తారు. వేలిముద్రలకు ఒకరోజు, ఇంటర్వ్యూకు ఇంకో రోజు. పెళ్ళిళ్ళ రోజుల్లో విడిదికి ఇల్లు కావాలి. బెంగళూరు నుంచి రెండు వారాల పని మీద వచ్చే ఇంజనీర్లున్నారు. డిసెంబరులో అమెరికా నుంచి దిగే కొడుకూ కోడలూ ఉన్నారు, అత్తగారింట్లో ఏసీ ఒక్క గదికే ఉంటుంది. తిరుపతిలో, విశాఖలో గిరాకీ సంగతి చెప్పనక్కర్లేదు.

ఊరుగాని ఊళ్ళో పరాయివాళ్ళకు నాలుగు రోజుల నీడ ఇవ్వడం మనకు కొత్త కూడా కాదు. సత్రాలుండేవి, పూటకూళ్ళ ఇళ్ళుండేవి. కన్యాశుల్కం చదివినవాళ్ళకు విజయనగరం పూటకూళ్ళమ్మ గుర్తుండే ఉంటుంది. అయితే సత్రం నడిపేవాళ్ళు సత్రంలోనే ఉండేవాళ్ళు. ఎవరొచ్చారో, ఎవరు పోయారో, ఎవరి వాలకం ఎలా ఉందో కళ్ళతో చూసేవాళ్ళు. ఇప్పటి వ్యాపారంలో ఓనరు కాకినాడలో ఉంటాడు, అద్దెదారు కూకట్‌పల్లిలో ఉంటాడు, తాళంచెవి గుమ్మం పక్కన నంబరు నొక్కితే తెరుచుకునే చిన్న పెట్టెలో ఉంటుంది. వచ్చినవాడి ముఖం చూసేది వాచ్‌మన్ ఒక్కడే.

ప్రపంచమంతా పాకిన ఎయిర్‌బీఎన్‌బీ కూడా పుట్టింది అద్దె ఇంట్లోనే. 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రయాన్ చెస్కీ, జో గెబియా అనే ఇద్దరు కుర్రాళ్ళు అద్దె కట్టలేక అవస్థ పడుతున్నారు. ఊళ్ళో డిజైనర్ల సమావేశం జరుగుతోంది, హోటళ్ళు నిండిపోయాయి. తమ హాల్లో గాలి పరుపులు మూడు వేసి, పొద్దున ఫలహారంతో కలిపి బసకిచ్చారు. మరుసటి ఏడు అది కంపెనీ అయింది. అంటే అద్దెదారు తనుంటున్న ఇంటిని పరాయివాళ్ళకు రోజుల లెక్కన ఇవ్వడం ఈ వ్యాపారానికి తర్వాత అంటిన జాడ్యం కాదు, మొదలే అది. కాకపోతే ఆ ఇద్దరూ అదే ఇంట్లో ఉన్నారు. మన కుర్రాడు ఉండనంటున్నాడు.

ఇప్పుడు ఆ కుర్రాడి జమాఖర్చులు చూద్దాం. మాస్టారు అగ్రిమెంటు చదివేముందు చదవాల్సింది ఇదే. రాత్రికి 2,500 చొప్పున నెలలో 20 రాత్రులు నిండితే 50 వేలు వస్తుంది. అందులో అద్దెకు 33 వేలు పోతుంది. అపార్ట్‌మెంటు మెయింటెనెన్స్ ఓ 3 వేలు అనుకోండి. కరెంటు ఉంది. అతిథి డబ్బు కట్టేశాడు కాబట్టి ఏసీ కట్టేయడు. ఇంటర్నెట్, గ్యాసు, మనిషి మారినప్పుడల్లా దుప్పట్లు ఉతికించడం, ఇల్లు కడిగించడం, ఆపైన బుకింగ్ యాప్ కమీషను. ఇన్నీ పోను చేతిలో మిగిలేది చాలా కొంచెం. 20 రాత్రులు కాక 14 రాత్రులే నిండాయనుకోండి, వచ్చేది 35 వేలు. అద్దె కట్టాక 2 వేలు మిగిలి, మిగతా ఖర్చంతా ఎదురు పెట్టుకోవాలి. ఆషాఢం వస్తుంది, మూఢం వస్తుంది, పెళ్ళిళ్ళుండవు. పిల్లల పరీక్షల నెలలో ఎవరూ ఊరు కదలరు.

ఒక్క ఫ్లాటుతో ఇది గిట్టదు కాబట్టి అతను ఐదో పదో తీసుకుంటాడు. రెండు ఫ్లాట్ల లాభంతో మూడో ఫ్లాటు అద్దె కడతాడు. నడిచినన్నాళ్ళు బాగానే నడుస్తుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు రోజువారీ బస ఆదాయం ఒక్కసారిగా ఆగిపోయింది, నెలవారీ అద్దె మాత్రం ఆగలేదు. మళ్ళీ అంతటి విపత్తు రాకపోవచ్చు. కానీ పక్క వీధిలో ఇంకో పది మంది ఇదే వ్యాపారం మొదలుపెట్టినా రాత్రి రేటు 2,500 నుంచి 1,500కు పడిపోతుంది.

కాబట్టి మాస్టారికి వస్తున్న అదనపు 5 వేలు ఉచితంగా వస్తున్నది కాదు. ఒక సంసారి జీతం మీద ఆధారపడే అద్దెకు బదులు, ఒక వ్యాపారి గిరాకీ మీద ఆధారపడే అద్దెను ఒప్పుకుంటున్నందుకు అది ప్రతిఫలం. ఏడాదికి 60 వేలు. అడ్వాన్సు పోను ఇంకా రెండు నెలలు అద్దె ఎగ్గొట్టి అతను తాళాలు వాచ్‌మన్ చేతిలో పెట్టి వెళ్ళిపోతే ఆ 60 వేలకు 66 వేలు చెల్లు. పుచ్చిన సోఫా ఒకటి మిగులుతుంది.

ఇక చట్టం. ఇక్కడో మెలిక ఉంది.

అగ్రిమెంటులో సబ్‌లీజు ఊసే లేకపోతే సబ్‌లీజుకు ఇవ్వకూడదనే అర్థమని మనలో చాలామంది అనుకుంటాం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం అలా అనదు. ఆ చట్టంలో 108వ సెక్షన్, జె క్లాజు చెప్పేది తలకిందులుగా ఉంటుంది. ఒప్పందంలో వద్దని రాసుకోకపోతే అద్దెదారు తనకున్న హక్కును మొత్తంగా గానీ కొంతగా గానీ ఇంకొకరికి సబ్‌లీజుకు ఇచ్చుకోవచ్చు. అలా ఇచ్చినంత మాత్రాన అసలు ఓనరుకు అతను పడిన బాధ్యత తీరిపోదు, అంతవరకే రక్షణ. అంటే మీరు ఏమీ రాయకుండా ఊరుకుంటే, సరేనన్నట్టే.

మరి అనుమతి లేకుండా సబ్‌లీజుకిస్తే ఖాళీ చేయించవచ్చని పెద్దలు చెబుతుంటారే అంటారా? అది 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం సంగతి. ఓనరు రాతపూర్వక సమ్మతి లేకుండా సబ్‌లీజుకు ఇవ్వడం ఆ చట్టం ప్రకారం ఖాళీ చేయించడానికి కారణమే. కానీ 2005లో చేసిన సవరణతో నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు, మిగతాచోట్ల 2,000 రూపాయలు దాటిన అద్దె ఇళ్ళు ఆ చట్టం పరిధిలోంచి బయటికి పోయాయి. 3,500కు ఇవాళ కొండాపూర్‌లో కారు పెట్టుకునే జాగా దొరికితే గొప్ప. కాబట్టి మాస్టారి ఫ్లాటుకు వర్తించేది ఆ పాత ఆస్తి బదిలీ చట్టం, ఆయన సంతకం పెట్టిన అగ్రిమెంటు, ఆ రెండే. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో కొత్త అద్దె చట్టం చేశారు. అక్కడి ఓనర్లు ఆ చట్టంతో సరిపోల్చి తమ అగ్రిమెంటును వకీలుకు చూపించుకోవాలి. కేంద్రం 2021లో రాష్ట్రాలకు పంపిన నమూనా చట్టమైతే ఓనరుతో అనుబంధ ఒప్పందం రాసుకోనిదే సబ్‌లీజు కుదరదంటుంది. నమూనా నమూనాయే, రాష్ట్రం చట్టం చేసుకుంటేనే అమలు.

అదే 108వ సెక్షన్‌లో ఓ అనే క్లాజు మనవైపు మాట్లాడుతుంది. ఏ పనికని అద్దెకు తీసుకున్నారో ఆ పనికి కాకుండా వేరే పనికి ఇంటిని వాడకూడదు, వాడనివ్వకూడదు. నివాసానికని తీసుకుని రోజుకో మనిషికి బసకివ్వడం నివాసమా, వ్యాపారమా అనే వాదన ఇక్కడ పుడుతుంది. లండన్‌లో ఇలాంటి వాదనే 2016లో ఒక ట్రిబ్యునల్ ముందుకు వచ్చింది. సొంత నివాసంగా మాత్రమే వాడాలని లీజులో ఉన్న ఫ్లాటును కొద్దిరోజుల చొప్పున ఇవ్వడం షరతు ఉల్లంఘనే అని తీర్పు వచ్చింది. అది మన కోర్టులను కట్టిపడేయదు. వాదన దాకా రానివ్వడం ఎందుకు, కాగితం మీదే తేల్చుకుంటే పోతుంది కదా అన్నది నా ఉద్దేశం.

కొందరు తెలివిగా ఇంకో దారి చెబుతారు. "లీజు అని రాయొద్దంకుల్, లైసెన్సు అని రాసుకుందాం, ఎప్పుడంటే అప్పుడు ఖాళీ చేయించొచ్చు" అంటారు. శీర్షిక మార్చినంత మాత్రాన పత్రం స్వభావం మారదు. ఈ విషయంలో దేశమంతా ఇప్పటికీ చూసే తీర్పుల్లో ఒకటి మన తెలుగువాడు రాసిందే. 1959లో అసోసియేటెడ్ హోటల్స్ కేసులో, రాజమండ్రి వాస్తవ్యులు, తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు గారు రాశారు. ఢిల్లీలో ఇంపీరియల్ హోటల్లో గదుల్లో కొంత భాగాన్ని క్షౌరశాలకు ఇచ్చారు. కాగితం మీద లైసెన్సు అని ఉంది. పేరు చూడకూడదు, ఇరుపక్షాల ఉద్దేశం చూడాలి, ఆ స్థలం మీద హక్కు ఇచ్చారా లేక వాడుకోవడానికి అనుమతి మాత్రమే ఇచ్చారా చూడాలి అన్నారాయన. చూసి, అది లీజే అని తేల్చారు.

దీన్ని మన ఫ్లాటుకు అన్వయించి చూడండి. రెండు రాత్రులకు దిగినవాడు అతిథే. వాడికి ఇంటి మీద ఏ హక్కూ పుట్టదు. కానీ మూడు నెలలకని వచ్చి, మరో మూడు నెలలు పొడిగించుకుని, గ్యాసు కనెక్షన్ తెచ్చుకుని, ఆధార్‌లో ఆ అడ్రసు వేయించుకున్నవాడు అతిథిలా కనపడడు, కిరాయిదారులా కనపడతాడు. అసలు అద్దెదారు తనంతట తాను ఇల్లు మీకు వదిలేసి వెళ్ళిపోయినా, అతను అంతకుముందే సక్రమంగా ఇచ్చిన సబ్‌లీజు దానంతట అది రద్దు కాదని అదే చట్టం 115వ సెక్షన్‌లో ఉంది. అంటే రోజువారీ బసకు ఒప్పుకునే ఓనరు నిజంగా జాగ్రత్త పడాల్సింది రెండు రాత్రుల వాడితో కాదు. ఆరు నెలల వాడితో.

చట్టం కన్నా ముందుగా ఓనరు మెడకు చుట్టుకునేవి ఇంకొన్ని ఉన్నాయి. కరెంటు మీటరు ఓనరు పేరు మీద ఉంటుంది. అది గృహ వినియోగపు కనెక్షను. లాడ్జీలూ హోటళ్ళూ వాణిజ్యం కిందికి వస్తాయి. ఇచ్చింది ఒకదానికి, వాడింది ఇంకోదానికి అని తనిఖీలో తేలితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద ఆ కేటగిరీ రేటుకు రెట్టింపు వేస్తారు. ఎప్పటినుంచి అలా వాడుతున్నారో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకూ లెక్కగడతారు. ఆ నోటీసు కుర్రాడి పేరున రాదు, మాస్టారి పేరున వస్తుంది. మున్సిపాలిటీ ఆస్తి పన్నులోనూ నివాసానికో లెక్క, వాణిజ్యానికో లెక్క. జీఎస్టీ విషయంలో మాత్రం ఓనరుకు కొంత ఊరట ఉంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారికి నివాస గృహం అద్దెకిస్తే 2022 జూలై 18 నుంచి ఆ అద్దె మీద 18 శాతం పన్ను ఆ వ్యాపారే నేరుగా కట్టాలి. ఆ సంగతి అగ్రిమెంటులో ఒక వాక్యంగా ఉండాలి, లేదంటే 33 వేలలోనే అదీ కలిసి ఉందని తర్వాత అనగలడు.

విదేశీయులు దిగితే 24 గంటల్లోగా వాళ్ళ వివరాల పత్రం ఆన్‌లైన్‌లో పంపాలి. హోటళ్ళకే కాదు, బస ఇచ్చే ఎవరికైనా అదే నియమం. ఇంకో మాట రేడియోలో చెప్పడానికి ఇబ్బందిగానే ఉన్నా చెప్పక తప్పదు. రోజువారీ గదుల్లో మత్తు పార్టీలు జరగొచ్చు, వ్యభిచారం జరగొచ్చు. 1985 మాదకద్రవ్యాల చట్టం 25వ సెక్షన్ గానీ, 1956 వ్యభిచార నిరోధక చట్టం 3వ సెక్షన్ గానీ, తెలిసి తన ఇంటిని అందుకు వాడనిచ్చిన ఓనరును కూడా శిక్షిస్తాయి. తెలిసి అన్న ఒక్క మాటే అక్కడ మాస్టారికి కవచం. అతిథుల పేర్లు, గుర్తింపు కార్డులు రాసిపెట్టమని షరతు పెట్టి, నెలనెలా చూస్తున్న ఓనరు తనకు తెలియదని నమ్మకంగా చెప్పగలడు. ఎదురింటివాళ్ళు మూడుసార్లు మెసేజి పెట్టినా పట్టించుకోని ఓనరు ఆ మాట చెబితే ఎవరు నమ్ముతారు?

"ఇది హోమ్‌స్టే అంకుల్, ప్రభుత్వమే ప్రోత్సహిస్తోంది" అని ఆ కుర్రాడు అనొచ్చు. కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకంలో గదులు ఒకటి నుంచి ఆరు, పడకలు 12కు మించకూడదు. ఇంటివాళ్ళు కుటుంబంతో అదే ఇంట్లో కాపురం ఉండాలి. ఎవరూ కాపురం లేని ఫ్లాటుకు ఆ పేరు అతకదు.

ఇరుగుపొరుగు మాట చెప్పకపోతే ఈ ప్రసంగం ఓనర్ల పక్షాన మాత్రమే మాట్లాడినట్టవుతుంది. అపార్ట్‌మెంటులో ఫ్లాటు ఒక్కరిదే, మెట్లు, లిఫ్టు, గేటు అందరివీ. అర్ధరాత్రి పన్నెండింటికి బస్సు దిగి వచ్చి 302 బదులు 202 బెల్లు నొక్కే అతిథిని తిట్టుకునేది పాపం 202లో ఉన్న ముసలావిడ. మన పార్కింగులో ఎవరిదో తెలియని కారు, ఫోన్ చేద్దామంటే నంబరు లేదు. చెత్త తడిదేదో పొడిదేదో తెలియని సంచులు గుమ్మం ముందు. సాయంత్రం కింద ఆడుకునే పిల్లల తల్లులకు లిఫ్టులో రోజుకో కొత్త మనిషి ఎదురైతే భయం వేస్తుంది. ఆ భయాన్ని చాదస్తమని కొట్టిపారేయడం తప్పు. గేటు దగ్గర యాప్‌లో ప్రతి అతిథికీ 'అవును' నొక్కేది కూకట్‌పల్లిలో ఉన్న మనిషైతే ఆ కాపలా ఎవరికోసం?

అసోసియేషన్లు కొన్ని 30 రోజులకు తక్కువైన బసను నిషేధిస్తూ తీర్మానాలు చేస్తున్నాయి. అనుమతించేముందు మీ అసోసియేషన్ నిబంధనావళి తెప్పించుకుని చదవండి. వద్దని అందులో ఉంటే కుర్రాడికి మీరిచ్చే అనుమతికి విలువ లేదు. మీకు లేని స్వేచ్ఛను మీరు అతనికి ఇవ్వలేరు. అందులో ఏమీ లేకపోతే కార్యదర్శికి ముందే ఒక ఉత్తరం రాయండి. దొంగచాటుగా మొదలైన బస పది రోజులు నడవదు, నడిచినా వాచ్‌మన్‌కు చేతులు తడుపుతూ నడవాలి.

ఇన్ని విన్నాక కూడా ఒప్పుకుందామనుకునేవాళ్ళుంటారు. కొందరికి అది సమంజసం కూడా. ఇండిపెండెంటు ఇల్లు, పై అంతస్తులో ఓనరే కాపురం, ఆసుపత్రికి నడిచేంత దూరం. అలాంటిచోట నేనైతే వద్దనను. ఓనరు కళ్ళెదుట నడుస్తుంది, అవసరమైనవాళ్ళకు అక్కరకొస్తుంది. అయితే కాగితం మాత్రం మామూలు అద్దె అగ్రిమెంటు కాకూడదు. బజారులో దొరికే స్టాంపు పేపరు నమూనాలో ఖాళీలు నింపితే సరిపోదు. సబ్‌లీజుకు సాధారణ అనుమతి ఇవ్వకుండా, రోజువారీ అతిథులకు బస ఇవ్వడానికి మాత్రమే, ఒక్కొక్కరికి గరిష్ఠంగా ఇన్ని రోజులకే, ఒకసారి ఇంతమందికే, ఎప్పుడైనా రాతపూర్వకంగా వెనక్కి తీసుకోగలిగేలా అనుమతి రాయించుకోవాలి. ఎవరికీ ఆ అడ్రసు మీద గ్యాసు కనెక్షను, ఆధార్ ఉండకూడదని రాయాలి. కరెంటు కేటగిరీ మార్పు, పన్నుల తేడా, పోలీసులకు వివరాలు, విదేశీయుల పత్రాలు అతని బాధ్యతని రాసి, జరిమానా పడితే అడ్వాన్సులోంచి మినహాయించుకునే హక్కు ఉంచుకోవాలి. అడ్వాన్సు మామూలుగా తీసుకునే రెండు నెలలది ఇక్కడ చాలదు. నాలుగైదు నెలలది అడగండి. వ్యాపారం మీద నమ్మకమున్నవాడు ఇస్తాడు, ఇవ్వనివాడి లెక్కలు మీకు అక్కడే అర్థమవుతాయి.

లాభంలో వాటా ఇస్తానంటే మాత్రం ఆశపడకండి. గిరాకీ బాగున్న నెలలో పదివేలు ఎక్కువ రావచ్చు. కానీ వాటా పుచ్చుకున్న ఓనరు రేపు ఏ తగవు వచ్చినా 'నాది అద్దె మాత్రమే' అని చేతులు దులుపుకోలేడు. స్థిరమైన అద్దె తీసుకోండి, అద్దెతోనే ఆగండి. అగ్రిమెంటుకు రిజిస్ట్రేషన్ కావాలా అన్నది వకీలును అడిగి తేల్చుకోండి. గడువు మాత్రం మామూలుగా అందరూ 11 నెలలకు రాసుకుంటారు. ఇలాంటి బేరానికి 11 నెలలు కూడా ఎక్కువే. ఆరు నెలలకు రాసి, ఎదురింటివాళ్ళను ఓసారి అడిగి, బాగుంటే పొడిగించండి.

అద్దెకుంటున్న శ్రోతలకు కూడా ఒక మాట. నాలుగు నెలలు ఊరెళ్తున్నాం, ఖాళీగా అద్దె కట్టడమెందుకు, ఎవరికైనా రోజుల లెక్కన ఇద్దాం అనిపించడం తప్పు కాదు. ఓనరుతో ముందు చెప్పండి. చాటుగా చేసి దొరికితే పోయేది అడ్వాన్సు ఒక్కటే కాదు, వచ్చే ఇంటివాళ్ళు పాత ఓనరుకు ఫోన్ చేసి మీ గురించి అడుగుతారు. అమెరికాలో ఉంటున్న మన పిల్లలకు ఇది ఇంకా కచ్చితం. న్యూయార్క్ నగరంలో 2023 సెప్టెంబరు నుంచి 30 రోజులకు తక్కువైన బస ఇవ్వాలంటే నగరంలో రిజిస్టరు చేసుకోవాలి, బస ఇచ్చినవాళ్ళు అదే ఇంట్లో ఉండాలి, ఇద్దరికి మించి అతిథులుండకూడదు. తమ భవనంలో ఇది వద్దని ఓనర్లు నగరానికి చెప్పి జాబితాలో చేర్పించుకోవచ్చు. బార్సిలోనా అయితే 2028 నవంబరు నాటికి పర్యాటకుల ఫ్లాట్ల లైసెన్సులన్నీ ఎత్తేస్తామని ప్రకటించింది. అక్కడ స్థానికులకు అద్దె ఇళ్ళే దొరకడం లేదన్నది వాళ్ళ బాధ. మన దగ్గర ఇంకా అంత దూరం పోలేదు గానీ, ఆసుపత్రుల చుట్టూ ఉన్న కాలనీల్లో నెలవారీ ఇల్లు వెతుక్కునే నర్సును అడిగితే ఆ బాధ ఎలా ఉంటుందో ఆమె చెబుతుంది.

మాస్టారికి నా జవాబు ఇది. ఆ ఒక్క ఫ్లాటు అద్దె మీదే మీ మందులూ మీ ఇంటి ఖర్చులూ నడుస్తుంటే, మీరు కాకినాడలో ఉండి ఫ్లాటు కొండాపూర్‌లో ఉంటే, ఆ 5 వేలకు ఆశపడకండి. 28 వేలకే ఓ కుటుంబానికి ఇవ్వండి. ఇప్పటికే ఇచ్చి ఉన్నవాళ్ళు ఈ ఆదివారం బీరువాలోంచి అగ్రిమెంటు తీసి చూడండి. సబ్‌లీజు గురించి, రోజువారీ బస గురించి అందులో ఒక్క వాక్యమైనా లేకపోతే వచ్చే రెన్యువల్‌లో రాయించండి. ఓనరు రాతపూర్వక అనుమతి లేకుండా సబ్‌లీజుకు గానీ రోజువారీ బసకు గానీ ఇవ్వరాదు, ఇల్లు కుటుంబ నివాసానికి మాత్రమే. ఈ రెండు వాక్యాలు చేర్చడానికి వకీలు పెద్దగా ఫీజు కూడా అడగడు.